రెండో తాడు

ఆ వీధిలో ఆమెను సొంత పేరుతో పిలిచేవాళ్ళు లేరు. తాళ్ళక్క అంటేనే తెలుస్తుంది. తాళ్ళు, రబ్బరు బూట్లు, చేతి తొడుగులు, హెల్మెట్లు, మూతికి బిగించుకునే మాస్కులు అమ్మే కొట్టు ఆమెది. ఎత్తు గోడలకు వేలాడి రంగులేసేవాళ్ళు, గోతుల్లోకి దిగేవాళ్ళు, ఫ్యాక్టరీల్లో ట్యాంకులు కడిగేవాళ్ళు ఆమె దగ్గరికి వస్తారు. లోకం ముక్కు మూసుకుని పక్కకు తప్పుకునే పనులన్నీ ఎవరో ఒకరు చెయ్యాలి కదా. ఆ ఎవరో ఒకరికి కావలసినవన్నీ ఆ కొట్లో దొరుకుతాయి.

కొట్టు వాళ్ళమ్మ పెట్టింది. పోతూ పోతూ సరుకుతో పాటు ఒక నీతి కూడా అప్పగించి పోయింది ఆ ముసలావిడ. "అడిగింది ఇవ్వు. ఎందుకని అడక్కు. కొనేవాడి పనిలో వేలు పెట్టిన కొట్టు నిలబడదు." తాళ్ళక్క ఆ మాట జవదాటలేదు. ఈ తాడు ఎంత బరువు ఆపుతుందో చెప్పేది కానీ, ఎవరి బరువు అని అడిగేది కాదు. అలాగని నోరు లేని మనిషేం కాదు. బేరమాడేవాణ్ణి పట్టుకుని, "ప్రాణం నిలబెట్టే తాడుకి గీసి గీసి బేరమాడతావు, సాయంత్రం సీసా దగ్గర మాత్రం నోరెత్తవు" అని నలుగురిలో కడిగేసేది. కడిగించుకున్నవాడు తల గోక్కుంటూ డబ్బులిచ్చి, మళ్ళీ అవసరం పడితే అక్కడికే వచ్చేవాడు.

అలాంటి మనిషికి ఒక కంప్యూటర్ గేమ్ ప్రశ్నలడగడం నేర్పింది. నేర్పి బాగుచేసిందో పాడుచేసిందో కథ అయ్యాక మీరే చెప్పాలి.

కూతురు మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకుంది. తండ్రి లారీ మీద ఊళ్ళు తిరిగే మనిషి. పిల్లను ఇంట్లో ఒక్కదాన్నే వదల్లేక తాళ్ళక్క కొట్టు వెనక గదిలో మడతమంచం వేసింది. డిగ్రీ చదువుతున్న పిల్ల, చదువు ఎగ్గొట్టడానికి దేవుడిచ్చిన సాకు కదా, కట్టు కట్టిన కాలు దిండు మీద పెట్టుకుని, ఒళ్ళో ల్యాప్‌టాప్ పెట్టుకుని పొద్దస్తమానం ఒకటే గేమ్ ఆడేది. తాళ్ళక్క ఒకరోజు తొంగి చూసింది. తెర మీద ఒక కొట్టు! కొండ కింద ఊరు, కొండలో గుహ, గుహ అడుగున రాక్షసులూ రత్నాలూ. గుహలోకి దిగబోయే వీరులంతా ముందు ఆ కొట్టుకొచ్చి దీపాలు, తాళ్ళు, కవచాలు, గాయాల మందులు కొనుక్కుంటారు. గేమ్ ఆడేవాళ్ళు వీరులు కారు, కొట్టువాళ్ళు. గుహ లోపల ఏం జరుగుతుందో ఒక్కసారి కూడా చూపించరు.

"ఇదేం పోయేకాలమే! కళ్ళెదురుగా ఇంత కొట్టుంటే చీపురు ముట్టవు. లేని కొట్టు ఊడుస్తున్నావా?"

"ఆ కొట్లో తిట్టేవాళ్ళు లేరమ్మా," అంది కూతురు తలెత్తకుండా.

తిట్టేవాళ్ళు లేని కొట్టు ఎలా నడుస్తుందో చూద్దామని తాళ్ళక్క మంచం అంచున కూర్చుంది. కూర్చున్నది ఇక లేవలేదు. ధర ఎక్కువ చెబితే కొనేవాడి ముఖం ఎర్రబడుతుంది, పూర్తిగా ఎర్రబడితే లేచిపోతాడు. కూతురు ముఖాలు చూసి ఆడుతోంది, గిరాకీ పోగొట్టుకుంటోంది. తాళ్ళక్కకు ఒళ్ళు మండిపోయింది.

"ముఖం కాదే మొద్దూ, భుజం చూడు. పోదామనుకున్నవాడు ముందు భుజం తిప్పుతాడు. ముఖం ఆ తర్వాతే."

కూతురు భుజాలు చూసింది. నిజమే. తెర మీది బొమ్మ కూడా ముఖం ఎర్రబడక ముందే ఎడమ భుజం కాస్త వెనక్కి తీసుకుంటోంది. అన్నాళ్ళుగా ఆడుతున్నా ఆ పిల్ల కంట పడలేదు.

"ఇది తయారుచేసినవాడెవడో గల్లా ముందు కూర్చుని లేచినవాడే," అంది తాళ్ళక్క. ఆమె నోటివెంట అంతకంటే పెద్ద మెప్పు రాదు.

ఆ రోజు నుంచి గిరాకీ లేనప్పుడల్లా వెనక గదిలోకి వచ్చేసేది. ఆమె చెప్పడం, కూతురు నొక్కడం. కొట్టు పేరు ఆ కొండ కింద ఊళ్ళో మారుమోగింది. బయటి కొట్లో ఎవరైనా పిలిస్తే, "వస్తున్నా ఉండు, ఇక్కడ కవచం బేరంలో ఉన్నా" అని కేకేసేది. విన్నవాళ్ళు బిత్తరపోయేవాళ్ళు.

తమ్ముడైతే పడీ పడీ నవ్వాడు. తాళ్ళక్కకు వాడొక్కడే తమ్ముడు. ట్యాంకులు కడిగే ముఠాకు మేస్త్రీ. "అక్కా, ఈ కొట్టు చాలక ఇంకో కొట్టా? బావ సంపాదన సరిపోవట్లేదని నాతో ఒక్క మాట చెప్పకపోయావా!" అని మేనకోడలి కట్టు మీద పెన్నుతో పిల్లి బొమ్మ గీసి పోయాడు. వాడికి ఏ సామాను కావాలన్నా అమ్మ పెట్టిన కొట్టుకే రావాలి. నాలుగు రోడ్ల దగ్గర ఇంకో కొట్టు వెలిసి తక్కువకిస్తున్నా దాని గడప తొక్కలేదు. పాత తాడును నమ్మడు, పని మారితే తాళ్ళు మారాల్సిందే, ఎప్పుడు కొన్నా జంటగా కొనేవాడు. "ఒంటి తాడు ఇవ్వకక్కా, రెండియ్యి," అనేవాడు. రెండెందుకని ఆమె ఏనాడూ అడగలేదు. ఇద్దరు దిగుతారు కాబోలు, ఇద్దరికీ రెండు అనుకుంది. అమ్మ చెప్పిన నీతి అదే కదా.

గేమ్‌లో కొనడానికి వచ్చేవాళ్ళలో ఒకడంటే తాళ్ళక్కకు ముచ్చట. వాడి ఇనప టోపీ వాడి తలకంటే పెద్దది. వంగినప్పుడల్లా కళ్ళ మీదికి జారేది. టోపీగాడు అని పేరు పెట్టింది. వాడొకసారి వచ్చి అన్నిటికంటే చవక దీపం అడిగాడు. తీసుకోబోయి బల్ల మీద పడేశాడు. దీపం మూల చిన్న సొట్ట పడింది. క్షమించండి అన్నట్టు రెండు చేతులూ ఊపి, దీపాన్ని చంకలో ఇరికించుకుని వెళ్ళిపోయాడు. తల్లీ కూతుళ్ళిద్దరూ కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వారు.

టోపీగాడు మళ్ళీ రాలేదు. గాడిద మీద పాత సామాను వేసుకొచ్చే ముసలివాడు వచ్చాడు. వాడి దగ్గర అన్నీ కారుచవక, తుడిచి అరలో పెడితే లాభమే లాభం. ఆ గేమ్ ఆడేవాళ్ళందరికీ వాడంటే ప్రాణం. కూతురు గబగబా కొనేస్తోంది.

"ఆగాగు. ఆ దీపం దగ్గరగా చూపించు," అంది తాళ్ళక్క.

మూల సొట్ట ఉంది.

"ఇది మనం అమ్మిందే."

"దీపాలన్నీ ఒకే బొమ్మమ్మా."

"అన్నిటికీ ఒకే మూల సొట్ట ఉంటుందా? చేతుల మీదుగా పోయిన సరుకు ముఖం గుర్తుపట్టకపోతే నేనెందుకే ఇక్కడ?"

కూతురు ఆ దీపం మీద వేలాన్చి వివరం చూసింది. చవక దీపం అని ఉంది. దాని కింద, అమ్మినప్పుడు లేని మాట ఒకటి కొత్తగా చేరింది. 'అడుగు అంతస్తులో దొరికింది.' అంతే. టోపీగాడు ఏమయ్యాడని ఎక్కడా రాసి లేదు.

కూతురే ముందు తేరుకుని, "వెనక్కి వెళ్దామమ్మా, ఆ రోజు సేవ్ చేసి పెట్టాను," అంది. గేమ్‌లో ఆ సుఖం ఉంది మరి. టోపీగాడు మళ్ళీ వచ్చాడు, మళ్ళీ దీపం అడిగాడు. తెర కింద మూల నోరు బొమ్మ ఒకటుంది, నొక్కితే కొనేవాడు మాట్లాడతాడు. ఎవరూ దాని జోలికి పోరు. నొక్కినప్పుడల్లా బల్ల మీది కొవ్వొత్తి కొంత కరిగిపోతుంది, కొవ్వొత్తి ఆరితే ఆ రోజు వ్యాపారం అయిపోయినట్టే. పైగా వరసలో ఉన్నవాళ్ళు విసుక్కుని పోతారు. కూతురు నొక్కింది. టోపీగాడి మాటలు పైకి చదివింది.

"అడుగు అంతస్తుకి పోతున్నానండీ. అక్కడ దీపాలు ఆరిపోతాయంటారు, నిజమేనా?"

"ఇవ్వకు," అంది తాళ్ళక్క.

"ఇవ్వకపోతే కొట్టు మంచిపేరుకిచ్చే స్టార్ ఒకటి పోతుందమ్మా."

"పోతే పోయింది. నువ్వేం ఇవ్వకు."

టోపీగాడు నేల మీద కాలు దబదబా కొట్టి పోయాడు. స్టార్ పోయింది. ఆ ఊళ్ళో కొన్ని రోజులు గడిచాక, మూతి ముడుచుకుని, ఏదో మందు కొనడానికి వచ్చాడు. వంగాడు. టోపీ కళ్ళ మీదికి జారింది. తాళ్ళక్క చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. బతికే ఉన్నాడు!

ఆ ఆనందం ఎక్కువసేపు నిలవలేదు. బయటికొచ్చి తన గల్లా దగ్గర నిలబడితే ఎడమ పక్క కింది అర కనిపించింది. పాత మాస్కుల అర అది. సైకిల్ మీద పాత సామాను మనిషి తెచ్చిస్తాడు. ఆమె వేణ్ణీళ్ళలో కడిగి, ఎండబెట్టి, మూతికి పెట్టుకుని ఊపిరి పీల్చి చూస్తుంది. ఊపిరి ఆడితే మంచిదే అని సగం ధరకు అమ్ముతుంది. ఏళ్ళుగా చేస్తున్న పనే. ఆ రోజు మొదటిసారి వాటిని సరుకులా కాకుండా చూసింది. ఒకదాని పట్టీ వదులైతే ఆడపిల్ల జడకు పెట్టే రబ్బరు చుట్టి ఎవరో బిగించుకున్నారు. ఇంకోదాని అంచున గోళ్ళ గీతలున్నాయి, లాగి పారెయ్యడానికి గీరుకున్న గీతలు.

పాత సామాను మనిషి రాగానే నిలదీసింది. "ఇవి ఎక్కణ్ణుంచి తెస్తావు?"

"ఇన్నేళ్ళలో అడగలేదు, ఇప్పుడేం పుట్టిందక్కా?"

"ఇప్పుడడుగుతున్నాగా. చెప్పు."

"పని మానేసినవాళ్ళు అమ్ముతారు." సైకిల్ స్టాండు తీసి, ఎటో చూస్తూ అన్నాడు, "కొందరివి పెళ్ళాలు అమ్ముతారు."

"ఇంకెప్పుడూ నా కొట్టుకి తేకు."

"మీకొద్దంటే నాలుగు రోడ్ల దగ్గర కళ్ళకద్దుకుంటారు," అని తొక్కుకుంటూ పోయాడు. అదీ నిజమే. లోకం ఒక్క తాళ్ళక్క కోసం ఆగుతుందా?

కొత్త మాస్కులు తెచ్చే ఏజెంటునూ వదల్లేదు. మూసిన ట్యాంకులో ఇవి పనిచేస్తాయా అని అడిగింది. ఆ అబ్బాయి టై సర్దుకుని ఓపిగ్గా చెప్పాడు. "ఇది గాలిని వడకడుతుందండీ, పుట్టించదు. జల్లెడ లాంటిదనుకోండి. పిండే లేనిచోట జల్లెడేం చేస్తుంది? ట్యాంకు ముందు బ్లోయర్ పెట్టి లోపలికి మంచి గాలి కొట్టాలి. అప్పటిదాకా ఏది పెట్టుకున్నా దిగకూడదు. అన్నట్టు, ఊపిరి ఆడిందని పాత మాస్కుకున్న వడపోత డబ్బా మంచిదనుకుంటున్నారేమో. విషం ఆపే శక్తి అయిపోయినా ఊపిరి ఆడుతూనే ఉంటుంది."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"మీరు అడగలేదు కదండీ."

ఆమె జన్మలో ఎన్నో తిట్లు తింది, అంతకు పదింతలు తిట్టింది. ఇంత గట్టిగా తగిలిన మాట లేదు. ఆ సాయంత్రమే కింది అర మాస్కులన్నీ ముక్కలుగా కోసి చెత్తలో వేసింది.

మర్నాడే తమ్ముడు వచ్చాడు. కథల్లో అలాగే వస్తారని నవ్వకండి, వాడు ఎప్పుడూ వచ్చిపోయే మనిషే.

"అక్కా, రెండు మాస్కులు, రెండు తాళ్ళు. తొందరగా."

"ఎక్కడికి?"

తమ్ముడు వెనక్కి తిరిగి చూశాడు, ఇంకెవర్నైనా అడిగిందేమోనని. "ఎక్కడికేంటి? పెళ్ళికి. మాస్కులు పెట్టుకుని ఫోటోలు దిగుతాం."

"వెటకారాలొద్దు. ఏ ట్యాంకు? ఎన్నాళ్ళుగా మూసుంది?"

చెప్పాడు. మూతపడ్డ కాగితం మిల్లును మళ్ళీ తెరుస్తున్నారు. నేలలో గుజ్జు ట్యాంకు ఉంది, ఏళ్ళుగా మూత తియ్యలేదు. బ్లోయర్ వచ్చే వారం వస్తుందట, మేనేజరుకు అంతదాకా ఆగే ఓపిక లేదట.

"మాస్కులు ఇవ్వను," అంది తాళ్ళక్క.

"ఏంటీ?"

"నీకే కాదు, ఎవరికీ ఇవ్వను. అది జల్లెడరా. లోపల గాలే లేకపోతే దాన్ని మూతికి కట్టుకుని ఏం చేస్తావు? బ్లోయర్ వచ్చేదాకా దిగొద్దు."

"నువ్వివ్వకపోతే నాలుగు రోడ్ల దగ్గర దొరకవా?"

"దొరుకుతాయి. పో, కొనుక్కో."

అంటూనే వాడి ఎడమ భుజం వంక చూసింది. భుజం కదల్లేదు. తమ్ముడు నిట్టూర్చి గల్లా బల్ల మీద మోచేతులు ఆనించాడు.

"అమ్మ కొట్టు వదిలి ఎక్కడికి పోతాన్లే. సరే, బ్లోయర్ వచ్చేదాకా ఎవర్నీ దింపను. ఒట్టు. మూత మాత్రం తీసి పెడతాం, లోపలి కంపు కొంత పోతుంది. తాళ్ళన్నా ఇస్తావా, అదీ లేదా?"

తాళ్ళక్క గుండె కుదుటపడింది. ఉన్నవాటిలో మంచి తాడు తీసి, కొలిచి, కోసి, చుట్ట చుట్టి ఇచ్చింది.

"రెండడిగాను," అన్నాడు తమ్ముడు.

"ఒక్కటి చాలు. రెండుంటే ఇద్దరు దిగుతారు. నీ ఒట్లు నాకు తెలీవా?"

వాడు ఏదో చెప్పబోయాడు. అక్క ముఖం చూసి మానుకున్నాడు. అప్పుడైనా ఆమె అడగాల్సింది. ఎక్కడికని అడిగింది, ఎన్నాళ్ళుగా మూసుందని అడిగింది, పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచీ జంట తాళ్ళే ఎందుకు కొంటున్నావురా అని మాత్రం అడగలేదు. జవాబు తనకు తెలుసనుకుంది. అడగడం కొత్తగా నేర్చుకున్నవాళ్ళు చేసే పొరపాటే అది.

"మీ అమ్మకు గేమ్ పిచ్చి ముదిరింది, డాక్టరుకు చూపించు," అని వెనక గదిలోకి కేకేసి, తాడు భుజాన వేసుకుని తమ్ముడు వెళ్ళిపోయాడు.

"మామయ్యను ఆపేశావమ్మా!" అంది కూతురు. తాళ్ళక్కకు టోపీగాడు తిరిగొచ్చిన నాటికంటే ఎక్కువ సంతోషంగా ఉంది. ఆ పూట ఎవర్నీ తిట్టలేదు.

మర్నాడు మధ్యాహ్నం కబురొచ్చింది. ముఠాలో పొట్టోడు ట్యాంకులో పడిపోతే తమ్ముడు దిగాడట. పొట్టోణ్ణి పైకి పంపాడట. తను పైకి రాలేదు.

తాళ్ళక్క ఏడ్చిన ఏడుపుకు వీధి వీధంతా బయటికొచ్చింది. "మాస్కు ఇవ్వలేదురా, అయినా దిగావేంట్రా" అని గుండెలు బాదుకుంది. మరదలి కాళ్ళ దగ్గర కూలబడింది. మరదలు ఏడవలేదు. ఆడబిడ్డ చెయ్యి తన మోకాలి మీద నుంచి తీసి పక్కన పెట్టింది. ఆ ఒక్కటీ తాళ్ళక్క మనసులో ముల్లులా ఉండిపోయింది. దేనికి అలా చేసిందో అడిగే ధైర్యం లేకపోయింది.

చాలా రోజులు కొట్టు తియ్యలేదు. కూతురి కాలి కట్టు కోసి తీసేశారు, పిల్లి బొమ్మ ఉన్న ముక్కను ఆ పిల్ల దాచుకుంది. తీరా కొట్టు తెరిచిన రోజు పొద్దున్న తాళ్ళక్క గల్లా దగ్గర కూర్చోలేదు. నేరుగా వెనక గదిలోకి పోయి, "ఆ గేమ్ పెట్టు. ఆ రోజుకి వెనక్కి తీసుకెళ్ళు," అంది.

ఏ రోజుకని కూతురు అడగబోయి ఆగింది. తీసుకెళ్ళగలిగింది ఒక్క రోజుకే కదా.

టోపీగాడు వచ్చాడు. దీపం అడిగాడు. తాళ్ళక్క తనే వేలు చాపి నోరు బొమ్మ నొక్కింది. అడుగు అంతస్తుకి పోతున్నానండీ. కొవ్వొత్తి కరిగింది. మళ్ళీ నొక్కింది. అంతకు ముందు ఒక్కసారితో ఆపేశారు, రెండోసారి నొక్కొచ్చని తోచనే లేదు. టోపీగాడు టోపీ పైకి నెట్టుకుని ఇంకో మాట అన్నాడు. కూతురు చదవడానికి నోరు తెరిచి, తల్లి వైపు తిరిగింది.

"చదవవే."

"మావాడు కింద ఉండిపోయాడండీ. వాడి కోసమే పోతున్నా."

తాళ్ళక్క ఆ బొమ్మనే చూస్తూ కూర్చుంది. దీపం ఇవ్వనందుకు వీడు బతికాడని ఆ రోజు చప్పట్లు కొట్టింది. కింద ఉన్నవాడు కిందే ఉండిపోయాడు. వాణ్ణి గేమ్ చూపించలేదు, వీళ్ళు అడగలేదు. ఎక్కడికి పోతున్నావని అడిగితే సగమే అడిగినట్టని ఆమెకు అప్పుడు అర్థమైంది, అర్థమై ఏం లాభం?

"మూసెయ్యి," అంది.

బయట ఎవరో దగ్గారు. పొట్టోడు. మనిషి ఎండిపోయి సగమయ్యాడు, గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. చేతిలో తాడు చుట్ట ఉంది.

"ఇది మీ కొట్టుదేనక్కా. వదిన ఇంట్లో ఉంచుకోనంది. మీకే ఇచ్చెయ్యమంది."

తాళ్ళక్క తాడు అందుకోలేదు. "కూర్చో. ఏం జరిగిందో చెప్పు. మొత్తం చెప్పు."

పొట్టోడు కూర్చోకుండానే చెప్పాడు. "మేస్త్రీ ఎవర్నీ దిగొద్దన్నాడక్కా. మా అక్క ఒప్పుకోదు, బ్లోయర్ వచ్చాకే అన్నాడు. మూత తీసి పెట్టాం. నా చేతిలో పానా జారి లోపల నిచ్చెన పక్కన గట్టు మీద పడింది. కనిపిస్తూనే ఉందక్కా. మేస్త్రీ అటు మిల్లువాళ్ళతో మాట్లాడుతున్నాడు. రెండు మెట్లే కదా అని తాడు కట్టుకుని దిగా. అంతే, ఇంకేం తెలీదు. మిగతాది మావాళ్ళు చెప్పిందే."

"చెప్పు."

"నేను పడగానే పైనుంచి లాగారు. తాడు నిచ్చెన కొక్కేనికి చిక్కుకుపోయింది. రాలేదు. మేస్త్రీ పరిగెత్తుకొచ్చి రెండో తాడు తెండిరా అన్నాడట. ఎప్పుడూ ఒకటి ఒడ్డున ఉత్తినే ఉంచేవాడు కదక్కా, దాన్ని దిగేవాడికి కట్టడు. దిగినవాడికేమన్నా అయితే, వాడి కోసం పోయేవాడికి అది."

తాళ్ళక్క గల్లా బల్ల అంచు పట్టుకుంది.

"అడిగాక తనకే గుర్తొచ్చిందట. 'మర్చిపోయాన్రా, అక్క దగ్గర రెండోది తీసుకోవడం మర్చిపోయాను' అన్నాడట. తువ్వాలు తడిపి మూతికి కట్టుకుని, ఊపిరి బిగబట్టి దిగాడు. చిక్కు తీసి, లాగండి అని అరిచాడు. నన్ను లాగేశారు. నా నడుముకున్న తాడు విప్పి మళ్ళీ కిందికి వేసేసరికి..." పొట్టోడు ముక్కు తుడుచుకున్నాడు. "ఎన్నడూ మర్చిపోని మనిషి అక్కా. ఆ ఒక్క రోజే మర్చిపోయాడు. ఎవర్నని ఏం లాభం."

తమ్ముడు అక్క మీదికి మాట రానివ్వలేదు. ప్రాణం పోయే ముందు, ఊపిరి బిగబట్టుకోవాల్సిన సమయంలో, ఆ ఊపిరి ఖర్చుపెట్టి అక్కను కాపాడి మరీ దిగాడు. ఇంట్లో చెప్పే ఉంటాడు, అక్క ఒక్క తాడే ఇచ్చిందే అని నవ్వుతూ పెళ్ళాంతో అనే ఉంటాడు. మరదలు చెయ్యి ఎందుకు తీసి పక్కన పెట్టిందో ఇప్పుడు తెలిసింది. ఆమె కూడా ముఠాలో ఎవరికీ ఆ మాట చెప్పలేదు.

"మర్చిపోలేదురా," అంది తాళ్ళక్క. "అడిగాడు. నేనే ఇవ్వలేదు."

పొట్టోడికి అర్థమయ్యేదాకా ఆగి, మళ్ళీ చెప్పింది. "రెండుంటే ఇద్దరు దిగుతారని ఒక్కటే ఇచ్చాను. నేనే."

పొట్టోడు తిట్టినా బాగుండేది. తాడు చుట్ట మెల్లగా బల్ల మీద పెట్టి, దాని కొసను వేళ్ళతో నలుపుతూ నిలబడిపోయాడు. వెనక గది గుమ్మంలో కర్ర పట్టుకుని నిలబడ్డ కూతురు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

అంతలో ఎవరో కొత్త మనిషి కొట్టు మెట్టెక్కాడు. వాడి వెనక ఇంకో ఇద్దరు గిరాకీ ఉన్నారు.

"ఒక మాస్కు, ఒక తాడు ఇవ్వండక్కా."

తాళ్ళక్క కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఎక్కడికి?"

"గొయ్యి ఒకటుంది."

"ఎంత లోతు? మూసిందా, తెరిచిందా? లోపల ఏముంది? గాలి కొడుతున్నారా? నీతో ఎవరుంటారు?"

ఒక్కొక్కటే అడిగింది. వెనకున్న ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని, భుజాలు తిప్పి, నాలుగు రోడ్ల వైపు నడిచారు. ఆమె చూసింది, పిలవలేదు. మాస్కు ఎందుకివ్వనో కొత్త మనిషికి చెప్పింది. జల్లెడ సంగతి చెప్పింది, బ్లోయర్ సంగతి చెప్పింది. వాడు విన్నాడో లేదో వాడి ముఖం చూస్తే తెలియలేదు.

"సరే, తాడన్నా ఇస్తారా?"

తాళ్ళక్క కొత్త తాడు చుట్ట దించి, కొలిచి, కోసింది. మళ్ళీ చుట్ట లాగి ఇంకోటి కొలవసాగింది.

"ఒక్కటే అడిగానక్కా. దిగేది నేనొక్కణ్ణే."

"ఇంకొకడు దిగుతాడు," అంది తాళ్ళక్క. "నువ్వు పైకి రాకపోతే, ఎవరు వద్దన్నా ఇంకొకడు దిగుతాడురా. ఎప్పుడూ దిగుతాడు."

పొట్టోడు తల వంచుకున్నాడు. ఆమె రెండో తాడు కోసి, కొస విడిపోకుండా ముడి వేసింది.